స్టెయిన్‌లెస్ బోల్టు చుట్టూ తెల్లపొడి ఎందుకొస్తుంది? రెండు లోహాలను కలిపి బిగించడం ఎలా

“స్టెయిన్‌లెస్ బోల్టే వేశాను, అది తుప్పు పట్టదన్నారు, మరి దాని చుట్టూ ఈ తెల్లపొడి ఏంటి?” ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. చూపించే ఫొటో కూడా ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. బోల్టు తల తళతళలాడుతూ ఉంటుంది, చుట్టూ అల్యూమినియం మీద పెయింట్ పొక్కి ఉంటుంది, ఆ పొక్కు గిల్లితే సున్నంలాంటి పొడి రాలుతుంది. బోల్టుకు ఏమీ కాలేదు. పోతున్నది పక్కనున్న అల్యూమినియం. మంచి బోల్టు వేయడమే ఇక్కడ తంటా తెచ్చింది.

విడివిడిగా జవాబులు రాసీ రాసీ విసుగొచ్చి, మొత్తం ఒకచోట పెడుతున్నాను. ఇది చదివాక మీరు బోల్టులు మార్చాల్సిన పని చాలాసార్లు ఉండదు, బిగించే పద్ధతి మారిస్తే చాలు.

సిద్ధాంతం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. రెండు వేరువేరు లోహాలు ఉండాలి, అవి ఒకదానికొకటి తగులుతూ ఉండాలి, రెండింటినీ కలిపి తడిపే నీరు ఉండాలి. ఈ మూడూ కలిస్తే అదొక చిన్న బ్యాటరీ. టార్చిలైటు సెల్లులో జింకు డబ్బా తరిగిపోయినట్టే ఇక్కడా ఒక లోహం తరిగిపోతుంది, దాని పుణ్యాన రెండోది నిక్షేపంగా ఉంటుంది. మొదటిదాన్ని ‘పోయే లోహం’ అనుకుందాం, రెండోదాన్ని ‘నిలిచే లోహం’. మూడింటిలో ఏ ఒక్కటి తప్పించినా కథ ఆగిపోతుంది.

ఉప్పునీటిలో పోయే వైపు నుంచి నిలిచే వైపుకు వరస ఇలా ఉంటుంది: మెగ్నీషియం, జింకు (జీఐ, అంటే గాల్వనైజ్డ్ ఇనుము మీద ఉండే పూత ఇదే), అల్యూమినియం, మామూలు ఇనుము, సీసం, ఇత్తడి, రాగి, కంచు, స్టెయిన్‌లెస్, టైటానియం, గ్రాఫైట్. వరసలో రెండూ ఎంత దూరంగా ఉంటే అంత గొడవ. చివర గ్రాఫైట్ ఏంటి అంటారా, అది లోహం కాదు గానీ కరెంటును పోనిస్తుంది, పైగా అన్నిటికంటే మొండిది. విమానాల అల్యూమినియం రేకుల మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టనివ్వరు, కారణం పెన్సిల్ ముక్కు గ్రాఫైట్ కావడమే. కార్బన్ ఫైబరూ అదే బాపతు.

కావలసినవి

- మల్టీమీటర్, ‘బీప్’ వచ్చేది. ఇది లేకుండా పని మొదలుపెట్టొద్దు
- చిన్న అయస్కాంతం
- నైలాన్ వాషర్లు, బోల్టు కాడకు తొడిగే ప్లాస్టిక్ స్లీవ్‌లు
- రెండు లోహాల మధ్య పెట్టడానికి నీరు పీల్చని షీటు (ప్లాస్టిక్ లేదా నియోప్రీన్)
- కొత్త స్టెయిన్‌లెస్ వైర్ బ్రష్, నీటి ఎమరీ పేపర్
- ఎపాక్సీ ప్రైమర్, న్యూట్రల్ రకం సిలికాన్ సీలెంట్ (పులుసు వాసన వచ్చే సిలికాన్ వద్దు, ఆరేటప్పుడు అందులోంచి వచ్చే ఆమ్లమే లోహాన్ని తింటుంది)
- లానొలిన్ గ్రీజు, లేదా అల్యూమినియానికి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న జింకు పేస్టు
- కళ్లద్దాలు, గ్లవ్స్

1. ముందు ఏ లోహమో తేల్చుకోండి

కంటిచూపును నమ్మొద్దు. జింకు పూత వేసిన ఇనుప స్క్రూ కొత్తలో స్టెయిన్‌లెస్ లాగే మెరుస్తుంది. అయస్కాంతం పెట్టి చూడండి: 304, 316 రకం స్టెయిన్‌లెస్ అయితే అసలు పట్టదు, లేదా పట్టీపట్టనట్టు ఉంటుంది. గట్టిగా పట్టుకుంటే పూత వేసిన ఇనుము అయ్యుండొచ్చు, 430 లాంటి స్టెయిన్‌లెస్ కూడా అయ్యుండొచ్చు, ఎందుకంటే అది కూడా అయస్కాంతానికి అతుక్కుంటుంది. అప్పుడు కనబడని చోట చిన్నగా గీకి తడిబట్టలో ఓ రెండు రోజులు చుట్టి ఉంచండి, ఎర్రగా మారితే ఇనుమే. చాలా క్రోమ్ ఫిట్టింగులు గీకితే లోపల పసుపుగా ఇత్తడి కనబడుతుంది.

పొడి రంగు కూడా ఎవరు పోతున్నారో చెబుతుంది. తెల్లపొడి అయితే అల్యూమినియం లేదా జింకు, ఎర్రగా గోధుమరంగులో ఉంటే ఇనుము, ఆకుపచ్చ చిలుము అయితే రాగి, ఇత్తడి.

2. జంటను కొలవండి

ఒక లీటరు నీళ్లలో 35 గ్రాముల ఉప్పు కలపండి, దాదాపు సముద్రపు నీరంత ఉప్పన అవుతుంది. ప్లాస్టిక్ గ్లాసులో పోసి, రెండు లోహాల ముక్కలనూ శుభ్రంగా రుద్ది, ఒకదానికొకటి తగలకుండా సగం ముంచండి. మీటర్‌ను డీసీ 2 వోల్టుల దగ్గర పెట్టి, ప్రోబులు నీటికి పైనున్న భాగానికే తగిలించండి. ప్రోబు నీళ్లలోకి దిగిందంటే అది మూడో లోహం అయిపోతుంది, లెక్క పాడవుతుంది.

అంకె ముందు మైనస్ లేకపోతే నల్ల ప్రోబు పెట్టిన ముక్క పోయేది. మైనస్ ఉంటే ఎర్ర ప్రోబు పెట్టినది. రాగి, ఇత్తడి పెడితే 0.1 వోల్టు కూడా రాదు. రాగి, జీఐ పెడితే అర వోల్టు దాటుతుంది. స్టెయిన్‌లెస్, అల్యూమినియం పైన సన్నటి ఆక్సైడ్ పొర ఉంటుంది కాబట్టి అంకె కాసేపు ఊగుతుంది, పది నిమిషాలు ఆగి చూడండి.

డిజైన్ చేసేవాళ్లు మామూలుగా పెట్టుకునే హద్దులు: ఎండావానా, ఉప్పుగాలి ఉన్నచోట 0.15 వోల్టు, గోదాములాంటి నీడపట్టున 0.25, ఏసీ గదిలా ఎప్పుడూ పొడిగా ఉండేచోట 0.5. అంతకు మించితే విడదీయాల్సిందే. ఈ అంకెలను గీతలా కాకుండా హెచ్చరికలా వాడండి, ఎందుకంటే తర్వాతి అడుగు వీటికంటే ముఖ్యం.

3. చిన్నది ఏది, పెద్దది ఏది?

వోల్టేజీ ఒకటే అయినా, పోయే లోహం చిన్నదిగా నిలిచే లోహం పెద్దదిగా ఉంటే తినేది మొత్తం ఆ చిన్న ముక్క మీదే పడుతుంది. పెద్ద అల్యూమినియం రేకుకు స్టెయిన్‌లెస్ స్క్రూలు వేశారనుకోండి, నష్టం చుట్టూ పరుచుకుని నెమ్మదిగా జరుగుతుంది. తిరగేసి, స్టెయిన్‌లెస్ రేకుకు అల్యూమినియం రివెట్లు కొట్టారంటే తడి ఉన్నచోట ఆ రివెట్లు ఊడి పడటానికి ఎంతోకాలం పట్టదు.

ఈ పాఠం బ్రిటిష్ నౌకాదళం డబ్బు తగలేసి నేర్చుకుంది. 1761లో హెచ్‌ఎంఎస్ అలార్మ్ అనే యుద్ధనౌక అడుగుకు పురుగు తొలచకుండా రాగిరేకు తొడిగారు. 1763లో పరీక్షిస్తే, రాగికి తగిలిన ఇనుప మేకులు చాలాచోట్ల తినేసి ఉన్నాయి. అక్కడక్కడ మాత్రం మేకులు బాగానే ఉన్నాయి. రేకులు చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం ఆ చోట్ల చించకుండా అలాగే ఉండిపోయింది, రాగికీ ఇనుముకూ మధ్య అదే అడ్డు నిలిచింది. పనివాళ్ల బద్ధకం మేకుల్ని కాపాడిందన్నమాట!

కాబట్టి బోల్టు, స్క్రూ, రివెట్ ఎప్పుడూ నిలిచే వైపు ఉండాలి. కనీసం రేకుతో సమానంగా ఉండాలి. ఇది తలకిందులుగా ఉంటే మిగతా అడుగుల జోలికి పోకుండా ముందు బోల్టులు మార్చండి.

4. విప్పి శుభ్రం చేయండి

పట్టేసిన బోల్టు దగ్గర బలం చూపించొద్దు. అల్యూమినియం తుప్పు అసలు లోహంకంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, మరల మధ్య దిట్టంగా కూరుకుపోతుంది, ఒక్కసారిగా తిప్పితే తల తెగి చేతికొస్తుంది. పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున ముందు బిగించే వైపు పిసరంత, తర్వాత విప్పే వైపు పిసరంత, అలా ముందుకూ వెనక్కూ.

అప్పటికీ కదలకపోతే వేడి. వేడికి అల్యూమినియం స్టెయిన్‌లెస్ కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది (డిగ్రీకి పది లక్షల్లో సుమారు 23 వంతులు, 304 స్టెయిన్‌లెస్ అయితే 17), అంటే బెజ్జం బోల్టుకంటే ఎక్కువ వెడల్పవుతుంది. సైకిల్ సీటు కడ్డీ విషయంలో ఇదంతా తలకిందులు. అక్కడ అల్యూమినియం కడ్డీ లోపల, ఇనుప ఫ్రేము బయట ఉంటుంది కాబట్టి వేడి చేస్తే ఇంకా బిగుస్తుంది, ఐసు పెట్టి చల్లబరిస్తేనే వదులవుతుంది. ఎన్నో సీటు కడ్డీలు ఈ ఒక్క పొరపాటుతో రంపం పాలయ్యాయి.

జాగ్రత్త: ఆయిల్ కొట్టిన చోట మంట గానీ హాట్ గన్ గానీ వాడొద్దు, అంటుకుంటుంది. పూర్తిగా తుడిచి ఆరాకే వేడి సంగతి.

ఇంకో జాగ్రత్త: పాత సామాన్ల మీద పసుపు లేదా ఆకుపచ్చ కలిసిన పసుపు ప్రైమర్ ఉంటే అది జింక్ క్రోమేట్ కావొచ్చు. దాని ధూళి క్యాన్సర్ కారకం. పొడిగా గీకొద్దు, గ్రైండర్ పెట్టొద్దు.

ఇనుము మీద వాడిన వైర్ బ్రష్‌ను అల్యూమినియం మీద వాడొద్దు. ఇనుప రజను అందులో దిగబడి ఎక్కడికక్కడ కొత్త బ్యాటరీలు తయారవుతాయి. తెల్లపొడి మొత్తం పోయి మెరిసే లోహం కనబడేదాకా రుద్ది, మంచినీళ్లతో కడిగి, బాగా ఆరనివ్వండి. గుంటల్లో ఉప్పు మిగిలితే పెయింట్ కింద మళ్లీ మొదలవుతుంది.

5. పెయింట్ ఎటు వేయాలి?

అందరూ పోయే లోహానికి మాత్రమే వేస్తారు. పోతున్నది అదే కదా, దాన్ని కాపాడుకుందాం అనిపించడం సహజమే. కానీ ఆ పెయింట్ మీద ఒక్క గీత పడితే చాలు, పెద్ద స్టెయిన్‌లెస్ భాగం మొత్తం ఆ గీతంత చోటు మీద పడి తింటుంది. మూడో అడుగులో చెప్పిన చిన్నా పెద్దా లెక్కే ఇది, ఇక్కడ మన చేతులతో మనమే తయారుచేసుకున్నట్టు. వేస్తే రెండింటికీ వేయండి. ఒక్కదానికే వేయగలిగితే నిలిచే లోహానికి వేయండి. వినడానికి తిక్కగా ఉంటుంది, కానీ అదే సరి.

6. తగలకుండా బిగించండి

అసలు పని ఇక్కడుంది. ఉదాహరణకు స్టెయిన్‌లెస్ బ్రాకెట్‌ను అల్యూమినియం ఫ్రేముకు 6 మి.మీ. స్టెయిన్‌లెస్ బోల్టుతో బిగిస్తున్నాం. బోల్టు, బ్రాకెట్ ఒకే లోహం, అవి తగులుకున్నా ఫరవాలేదు. అల్యూమినియం నుంచి మాత్రం ఆ రెండింటినీ విడదీయాలి.

అ) అల్యూమినియం బెజ్జాన్ని స్లీవ్ పట్టేంత పెద్దది చేయండి. లోపల 6, బయట 8 మి.మీ. ఉన్న స్లీవ్ అయితే 8 మి.మీ. బిట్టు. అంచుల్లో లేచిన బొడిపెలు తీసేయండి, లేకపోతే అవే స్లీవ్‌ను కోస్తాయి. బరువు మోసే చోట్ల, అంటే మెట్ల రెయిలింగు, వాహనం ఛాసిస్ లాంటివాటిలో, బెజ్జాలు పెద్దవి చేసే పని మీరు పెట్టుకోవద్దు.

ఆ) స్లీవ్ పొడవు అల్యూమినియం మందంకంటే కాస్త తక్కువ ఉండాలి. ఎక్కువుంటే బిగింపు మొత్తం స్లీవ్ మీదే ఆగిపోయి కీలు వదులుగా ఉంటుంది.

ఇ) బ్రాకెట్‌కూ ఫ్రేముకూ మధ్య షీటు పెట్టండి, బ్రాకెట్ అంచులు దాటి చుట్టూ నాలుగైదు మిల్లీమీటర్లు బయటికి రావాలి. అంచుకు సరిగ్గా కోస్తే ఒక్క నీటిచుక్క దాని మీదుగా వంతెన వేస్తుంది.

ఈ) అల్యూమినియం వైపు ముందు నైలాన్ వాషర్, దాని మీద స్టీల్ వాషర్, ఆపైన నట్టు. స్టీల్ వాషర్ లేకుండా బిగిస్తే నట్టు తిరుగుతూ నైలాన్‌ను చెక్కేస్తుంది.

ఉ) మరలకు లానొలిన్ రాసి బిగించండి, మరీ బిర్రుగా వద్దు. నైలాన్ ఒత్తిడికి కాస్త కుంగుతుంది, మర్నాడు ఇంకోసారి చూసి సరిచేయండి.

గుడ్డ, తోలు, అట్ట, స్పాంజి లాంటి నీరు పీల్చేవి మధ్యలో పెట్టొద్దు. స్టాచ్యూ ఆఫ్ లిబర్టీకి ఇదే జరిగింది. 1886లో ఆవిష్కరించిన ఆ విగ్రహం పైన రాగిరేకు, లోపల ఇనుప పట్టీలు. రెండూ తగలకుండా లక్కలో ముంచిన ఆస్బెస్టాస్ మధ్యలో పెట్టారు. అంటే సమస్య వాళ్లకు తెలుసు! కానీ కాలం గడిచేకొద్దీ ఆ పొర పాడై నీరు పట్టుకోవడం మొదలెట్టింది, ఇనుము తుప్పు పట్టి ఉబ్బి రాగి రివెట్లను పీకేసింది. 1986కల్లా ముగిసిన మరమ్మతులో పట్టీలు స్టెయిన్‌లెస్‌కు మార్చి మధ్యలో టెఫ్లాన్ టేపు పెట్టారు.

నల్ల రబ్బరు కూడా అనుమానించాల్సిందే. నలుపు కోసం, గట్టిదనం కోసం అందులో కార్బన్ కలుపుతారు, కొన్ని రకాలు కరెంటును కొంచెం పోనిస్తాయి. మీటర్ పెట్టి చూసి వాడండి.

7. మీటర్ పెట్టండి

మొదటిసారి నేను ఈ పని చేసినప్పుడు పైనా కిందా నైలాన్ వాషర్లు వేసి, మధ్యలో షీటు పెట్టి, పెయింట్ వేసి మురిసిపోయాను. ఏడాదిన్నరకు బోల్టు ఊగుతోందని విప్పితే గుండ్రంగా ఉండాల్సిన బెజ్జం కోలగా అయిపోయి ఉంది, గోడల నిండా తెల్ల ముద్ద. వాషర్లు రెండూ చెక్కుచెదరలేదు. స్లీవ్ వేయలేదు కాబట్టి బోల్టు కాడ బెజ్జం లోపలి గోడకు ఒకవైపు ఆనుకుని కూర్చుంది, అంతే. మీటర్ పెట్టి ఉంటే ఆ రోజే ‘బీప్’ మనేది. నా దగ్గరికొచ్చే పదిలో ఏడెనిమిది కేసులు ఇవే.

పద్ధతి: అంతా పొడిగా ఉన్నప్పుడు, ముందు ప్రోబులు రెండూ కలిపి బీప్ వస్తోందో లేదో చూసుకోండి. తర్వాత ఒకటి బోల్టు తల మీద, ఇంకోటి అల్యూమినియం మీద. బీప్ రాకూడదు, ఓమ్స్‌లో పెట్టినప్పుడు ‘ఓఎల్’ (OL, అంటే కరెంటుకు దారి లేదని) అని చూపించాలి. అల్యూమినియం మీద పెయింట్ గానీ అనోడైజింగ్ (కరెంటుతో కావాలని పెంచిన ఆక్సైడ్ పొర) గానీ ఉంటే అదే కరెంటును ఆపేసి మీకు దొంగ ‘ఓఎల్’ చూపిస్తుంది. కనబడని మూల గోరంత గీకి అక్కడ ప్రోబు గుచ్చండి, తర్వాత ఆ చోటికి ప్రైమర్ పూయండి.

ప్రతి బోల్టునూ విడిగా చూడటం కుదరదు, పది బోల్టుల్లో ఒక్కటి తగిలినా అన్నీ బీప్‌మంటాయి. అందుకే ఒక్కొక్కటి బిగిస్తూ ఒక్కొక్కసారి చూడండి, బీప్ ఎక్కడ మొదలైందో దొంగ అక్కడే ఉన్నాడు. అన్నీ సరిగా ఉన్నా బీప్ వస్తోందంటే తలుపు కీలు, గొలుసు, ఎర్త్ వైరు లాంటి పక్కదారి ఏదో ఉంది.

ఎర్త్ విషయంలో మాత్రం ఆడుకోవద్దు. కరెంటు ప్యానెల్, గీజరు, మోటారు, లోహపు నీటి గొట్టాలు ఎర్త్‌కు కలిపి ఉంటాయి. తుప్పు ఆపుదామని మీరు పెట్టిన ప్లాస్టిక్ వాషరు ఆ ఎర్త్‌ను తెంపేస్తే ప్రాణం మీదకొస్తుంది. అలాంటివాటిని ఎలక్ట్రీషియన్‌ను అడగకుండా విడదీయొద్దు.

8. నీరు నిలవకుండా చూడండి

అంచుల చుట్టూ సీలెంట్ గీత లాగండి, కానీ నీరు కిందికి జారే వైపు కొంచెం ఖాళీ వదలండి. నాలుగు వైపులా మూసేస్తే లోపలికి దూరిన చెమ్మ బయటికి రాదు. రాగి మీదుగా కారిన నీరు కిందనున్న అల్యూమినియం మీద గానీ జీఐ మీద గానీ పడకుండా కూడా చూసుకోండి. ఆ నీటితో వచ్చిన కాసింత రాగి అక్కడ పేరుకుని, తగులుడు లేకుండానే గుంటలు పెడుతుంది.

నీటి గొట్టాలైతే

జీఐ, రాగి నేరుగా కలపొద్దు. మధ్యలో డైఎలక్ట్రిక్ యూనియన్ (రెండు గొట్టాల మధ్య కరెంటు పోనివ్వని జాయింటు) గానీ కొంత ప్లాస్టిక్ గొట్టం గానీ వేయండి, ఏదీ దొరక్కపోతే ఇత్తడి ఫిట్టింగు కొంతవరకు నయం. నీరు వచ్చే దారిలో ముందు జీఐ, తర్వాత రాగి ఉండాలి, కారణం పై పేరాలో చెప్పిందే. నీరు తిరిగి తిరిగి వచ్చే వ్యవస్థల్లో ఈ వరస పనికిరాదు. మరలకు చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపును ఇన్సులేషన్ అనుకోవద్దు, బిగించగానే మర అంచులు దాన్ని కోసేస్తాయి. మీటర్ పరీక్ష గొట్టాలు ఖాళీగా ఉన్నప్పుడే చేయండి.

కరెంటు తీగలైతే

ఇక్కడ విడదీయడం కుదరదు, కరెంటు పోవాలి కదా. అల్యూమినియం తీగను రాగి తీగతో మెలిపెట్టడం మాత్రం వద్దేవద్దు. తుప్పు పట్టిన కీలు వేడెక్కి నిప్పు రాజేస్తుంది. బైమెటల్ లగ్గులు (ఒకవైపు అల్యూమినియం, రెండోవైపు రాగి ఉండేవి), కీళ్లకు రాసే పేస్టు వాడాలి, మెయిన్ ఆపి, తెలిసినవాళ్ల చేత.

విడదీయడం కుదరనే కుదరకపోతే

రెండింటికంటే ముందు పోయే మూడో లోహాన్ని బలి ఇవ్వండి. గీజరు ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ చేసే పని అదే, ఏడాదికో రెండేళ్లకో తీసి చూసి, లోపలి తీగ బయటపడితే మార్చాలి. బలి లోహం నీటిలో మునిగి ఉన్నప్పుడే పనిచేస్తుంది, గాలిలో ఉన్న గేటుకు జింకు ముక్క తగిలిస్తే లాభం లేదు. దానికి పెయింట్ కూడా వేయకూడదు. 1824లో హంఫ్రీ డేవీ ఓడల రాగి అడుగులకు ఇలాగే జింకు, ఇనుము ముక్కలు తగిలించాడు. రాగి తరగడం ఆగింది, కానీ కరిగే రాగి విషంతోనే కదా నాచూ గవ్వలూ దూరంగా ఉండేది, అది ఆగేసరికి అవన్నీ వచ్చి అతుక్కున్నాయి. కిటుకు పారింది, ఓడ నెమ్మదించింది.

తరచూ చేసే పొరపాట్లు, పైన చెప్పనివి

రాగి కలిపిన యాంటీ సీజ్ పేస్టు (మరలు పట్టేయకుండా రాసేది) అల్యూమినియం మరలకు రాయడం, గ్రాఫైట్ గ్రీజు కూడా అంతే. విరిగిన నాలుగు బోల్టుల్లో రెండు మాత్రం కొత్త లోహానికి మార్చడం. నిగనిగలాడుతుందని జీఐ రేకుకు రాగి వాషర్లు వేయడం, ఇది నేను కళ్లారా చూశాను.

పనిచేస్తోందా లేదా చూడటం

నమ్మకం కుదరకపోతే ముందు చిన్న ముక్కల మీద చేసి చూడండి. అల్యూమినియం పట్టీలు రెండు తీసుకోండి. ఒకదానికి గీకిన రాగి తీగ నేరుగా బిగించి చుట్టండి, రెండోదానికి ప్లాస్టిక్ తొడుగు వేసి దాని మీద చుట్టండి. రెండు వేరు గ్లాసుల్లో, పైన చెప్పిన ఉప్పునీటిలో వారం రోజులు ఉంచి తీగ విప్పండి. మొదటిదానికి తీగ కింద, పక్కల తెల్ల ముద్ద, కడిగితే గుంటలు. రెండోదాని మీద మహా అయితే మెరుపు తగ్గుతుంది.

బిగించినవాటిని మొదట నెలకు, తర్వాత ఒక వానాకాలం గడిచాక చూడండి. బోల్టు చుట్టూ పెయింట్ మీద వేలు పెట్టి నిమరండి, పొక్కు కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది. అనుమానం వస్తే ఒక్క బోల్టు విప్పి స్లీవ్ చూడండి, చీలి ఉంటే మార్చండి. తిరిగి బిగించాక మళ్లీ మీటర్.